ఆట నడిపే మనిషి అలసిపోతే



ఈ రోజు ఒక ఆట గురించి, ఆ ఆటను నడిపే మనిషి గురించి మాట్లాడాలనుకుంటున్నాను. టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు దాన్ని. మన కుర్రకారు పొట్టిగా ఆర్పీజీ అంటున్నారు. వాటిలో అన్నిటికంటే పేరున్నది డంజన్స్ అండ్ డ్రాగన్స్. తెలియనివారి కోసం రెండు ముక్కల్లో చెబుతాను. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు యోధుడు, ఒకరు మంత్రగత్తె, ఒకరు దొంగ, ఇలా తలా ఒక పాత్ర తీసుకుంటారు. వీళ్లు కాక ఇంకొకరు ఉంటారు. ఆ లోకాన్ని కళ్లకు కట్టేదీ, అందులో రాజు నుంచి రాక్షసుడి దాకా తక్కిన అందరి మాటా పలికేదీ, నియమాలు చూసేదీ, పాచికలు పడ్డాక ఏం జరిగిందో చెప్పేదీ ఆ ఒక్కరే. వారిని గేమ్ మాస్టర్ అంటారు. తెరా వేదికా ఏమీ ఉండవు. కాగితం, పెన్సిలు, పాచికలు, నోటి మాట, అంతే. ఒక కథ వారం వారం సాగుతూ ఏడాది, రెండేళ్లు కూడా నడుస్తుంది. దాన్ని క్యాంపెయిన్ అంటారు.

హైదరాబాద్‌లో, బెంగళూరులో ఈ ఆట ఆడే తెలుగు పిల్లలున్నారు. అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ వారాంతాల్లో ఇక్కడి స్నేహితులతో ఇంటర్నెట్ మీద ఆడేవాళ్లూ ఉన్నారు. వాళ్లలో ఆట నడిపేవాళ్లని కదిపి చూడండి. మొదటి ఆరు నెలలూ ఎంత ఉత్సాహంగా చెబుతారో, తర్వాతి ఆరు నెలల గురించి అంత ముక్తసరిగా చెబుతారు. ఆ ముక్తసరి వెనక ఏముందో చెప్పడానికే ఈ ప్రసంగం.

బల్ల దగ్గర ఒక నిమిషం ఎలా గడుస్తుందో చూడండి. పాత్రలన్నీ ఒక ఊరికి చేరాయి. మాస్టర్ రాసుకొచ్చింది కొండమీద కోట గురించి. దొంగ పాత్ర వేస్తున్న అబ్బాయి, "నేను కోటకి రాను. ఈ ఊళ్లో పూటకూళ్లమ్మ ఉంటుంది కదా, ఆవిడతో మాట్లాడతాను" అంటాడు. రాసుకున్న కాగితంలో పూటకూళ్లమ్మ లేదు. అప్పటికప్పుడు ఆవిడకో పేరు పెట్టాలి, ఒక గొంతు ఇవ్వాలి, ఆవిడకేం తెలుసో, ఏం దాస్తోందో తేల్చుకోవాలి. ఈలోగా మంత్రగత్తె వేస్తున్న అమ్మాయి, "నా నిద్ర మంత్రం ఎంతమంది మీద పనిచేస్తుంది?" అని అడుగుతుంది. దానికి పుస్తకంలో లెక్క ఉంది, పేజీ గుర్తు రావాలి. యోధుడు వేస్తున్నతను అరగంటగా పలకడం లేదు, ఫోన్ చూసుకుంటున్నాడు. అతన్ని కథలోకి లాగాలి. పోయిన వారం మాటా మాటా పెరిగిన సంగతి నాలుగో మనిషి మనసులోంచి ఇంకా పోలేదని ముఖం చూస్తే తెలుస్తోంది. ఇవన్నీ ఒక్క నిమిషంలో. అలాంటి నిమిషాలు మూడు గంటలో, నాలుగు గంటలో.

అష్టావధానం చూసినవారికి ఈ స్థితి చప్పున అర్థమవుతుంది. ఒకరు నిషిద్ధాక్షరి అంటారు, ఒకరు సమస్య ఇస్తారు, ఇంకొకరు దత్తపది. పద్యం సగంలో ఉండగా అప్రస్తుత ప్రసంగి అడ్డు తగులుతారు. అన్నిటినీ మనసులో పెట్టుకుని అవధాని ముందుకు సాగాలి. అయితే అవధాన సభలో ఒక ఏర్పాటు ఉంది. అవధాని పద్యం చెప్పడానికే వస్తారు. సభ జరిపించేవారు వేరే ఉంటారు, సంచాలకులు వేరే ఉంటారు. పృచ్ఛకులు తమ తమ అంశాలు తామే సిద్ధం చేసుకుని వస్తారు. ఆట బల్ల దగ్గర ఈ విభజన లేదు. ఎవరెవరికి ఏ రోజు తీరికో కనుక్కునేదీ, మెసేజ్‌లు పెట్టేదీ, పుస్తకాలు కొనేదీ, పటాలు గీసేదీ, అలిగినవాళ్లని సముదాయించేదీ మాస్టరే. చాలాచోట్ల ఇల్లు కూడా వాళ్లదే, టీ కూడా వాళ్లే పెడతారు. అవధానం ఒక పూటలో ముగుస్తుంది. క్యాంపెయిన్ వచ్చే వారం మళ్లీ ఉంటుంది.

ఇలా నడిపి నడిపి ఒక దశలో మనిషి లోపల వట్టిపోతాడు. ఇంగ్లీషులో బర్నౌట్ అంటున్నది దీన్నే.

నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొట్టమొదట అచ్చయింది 1974లో. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తెచ్చారు. తొలి ముద్రణ 1000 ప్రతులు. సరిగ్గా ఆ 1974లోనే న్యూయార్క్‌లో హెర్బర్ట్ ఫ్రాయ్డెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త బర్నౌట్ గురించి ఒక వ్యాసం రాశారు. ఆ మాటను మనస్తత్వశాస్త్రంలో నిలబెట్టింది ఆ వ్యాసమే. అందులో ఆయన రాసింది కార్ఖానా కార్మికుల గురించో, పెద్ద కంపెనీల మేనేజర్ల గురించో కాదు. ఉచిత క్లినిక్‌లలో సేవ చేసేవాళ్ల గురించి. అక్కడ పనిచేసేవాళ్లలో చాలామంది స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు. పగలు సొంత పని చూసుకుని సాయంత్రాలు అక్కడికి వచ్చేవాళ్లలో ఆయన కూడా ఒకరు. ఎవరు ముందు అలసిపోతారు అంటే, అందరికంటే అంకితభావంతో పనిచేసేవాళ్లే అని ఆయన గమనించారు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆట నడిపేవాళ్లు అలసిపోయామని అన్నప్పుడు ఇంట్లోవాళ్లు, ఒక్కోసారి తోటి ఆటగాళ్లు కూడా, "ఆటే కదా, నిన్నెవరు బలవంతం చేశారు?" అంటారు. ఆ మాట అన్యాయం. బలవంతం లేకుండా, డబ్బు లేకుండా, ప్రేమతో నెత్తిన వేసుకున్న పనిలోనే ఈ అలసటను మొదట గుర్తించారు. జీతం కోసం చేసే పనికి వేళలుంటాయి, సెలవులుంటాయి, పైన అడగడానికి ఒక మనిషి ఉంటాడు. ఇష్టంతో చేసే పనికి హద్దు మనమే గీసుకోవాలి. ఇష్టం ఉన్నవాళ్లకి ఆ గీత గీయడం చేతకాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను తన వర్గీకరణలో నిర్వచించింది. అది రోగం కాదంది. ఉద్యోగ సందర్భానికే ఆ మాట వర్తిస్తుందని కూడా స్పష్టంగా చెప్పింది. కాబట్టి ఆట నడిపేవాళ్ల అలసట ఆ నిర్వచనం కిందికి రాదు. కానీ అందులో చెప్పిన మూడు లక్షణాలు ఆట బల్ల దగ్గర అచ్చంగా కనిపిస్తాయి. సత్తువ అయిపోవడం, పనితో దూరమో, పని మీద ఏవగింపో పెరగడం, నా వల్ల ఏమీ కావడం లేదనిపించడం.

శనివారం ఆట అయితే గురువారం నుంచే గుండెల మీద బరువుగా ఉంటుంది. కాగితం ముందు పెట్టుకుంటే ఒక్క వాక్యం రాదు. ఒకప్పుడు ఆటగాళ్లు అనుకోని పని చేస్తే ముచ్చటగా ఉండేది, ఇప్పుడు అదే పనికి విసుగొస్తుంది. అన్నిటికంటే గట్టి గుర్తు ఇంకొకటి ఉంది. ఎవరో ఒకరు గ్రూపులో "సారీ, ఈ వారం నాకు కుదరదు" అని మెసేజ్ పెడతారు. అది చదవగానే మాస్టర్ హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. ఒకసారి అలా అనిపిస్తే పెద్ద విషయం కాదు. వరసగా వారం వారం అనిపిస్తుంటే, ఆ మనిషి ఆగి ఆలోచించుకోవలసిన సమయం వచ్చిందన్నమాట.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి, ఎందుకంటే మందు అందులోనే ఉంది.

1969లో అమెరికాలోని మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లో డేవిడ్ వెస్లీ అనే యువకుడు యుద్ధ క్రీడలు ఆడేవాడు. సైన్యాల బొమ్మలు పేర్చి నెపోలియన్ కాలపు యుద్ధాలు ఆడే సరదా అది. ఆయన బ్రౌన్‌స్టైన్ అనే ఊహా నగరం సృష్టించి, ఆటగాళ్లకి సైన్యాలతో పాటు మనుషుల పాత్రలు ఇచ్చాడు. ఒకరు నగరాధ్యక్షుడు, ఒకరు బ్యాంకు యజమాని, ఇలాగ. ఆటగాళ్లు ఎవరి ఎత్తులు వాళ్లు వేస్తూ ఆయన చేతిలోంచి జారిపోయారు. ఆట పాడైపోయిందని వెస్లీ అనుకున్నాడు. ఆటగాళ్లు మాత్రం మళ్లీ ఎప్పుడు అని వెంటపడ్డారు. తర్వాత ఆయన సైనిక సేవకు వెళ్లవలసి వచ్చింది. అప్పుడు నిర్వాహకుడి కుర్చీలో కూర్చున్నది ఎవరనుకున్నారు? ఆటగాళ్లలో ఒకడైన డేవ్ ఆర్నెసన్. ఆ కుర్చీలో కూర్చుని ఆయన నడిపిన బ్లాక్‌మూర్ ఆటలోంచే డంజన్స్ అండ్ డ్రాగన్స్ పుట్టింది.

లేక్ జెనీవాలో గైగాక్స్ కథా అంతే. ఆయన గ్రేహాక్ అనే కోటను కల్పించి ఆట నడుపుతుంటే వచ్చేవాళ్లు పెరిగిపోయారు. రాబర్ట్ కుంట్జ్ అనే కుర్రవాడు ఆయనతో పాటు నిర్వాహకుడయ్యాడు. దానివల్ల గైగాక్స్‌కి తాను కూడా ఒక ఆటగాడిగా కూర్చునే వీలు దొరికింది. ఆటలో ఇప్పటికీ పేరున్న మాంత్రికుడు మార్డెన్‌కైనెన్ అలా గైగాక్స్ ఆటగాడిగా ఆడిన పాత్రే.

అంటే ఈ ఆట పుట్టినప్పుడు ఆ కుర్చీ ఒకరి సొత్తు కాదు. చేతులు మారింది, ఇద్దరు పంచుకున్నారు. పుస్తకాలు పెరిగాక ఆ సంగతి మరుగున పడింది. 1979లో మాస్టర్ కోసమే ప్రత్యేకంగా డంజన్ మాస్టర్స్ గైడ్ అని రెండువందల పైచిలుకు పేజీల సంపుటం వచ్చింది. కథలో రోజులు ఎలా గడుస్తున్నాయో ఖచ్చితంగా లెక్క రాసుకోవాలని కూడా అందులో మాస్టర్‌కే పురమాయించారు. అద్భుతమైన పుస్తకం, కాదనను. కానీ దాన్ని చదివిన కుర్రవాడికి కలిగే అభిప్రాయం ఒకటే, ఇదంతా నేనొక్కణ్నే మొయ్యాలి అని. డబ్బు లెక్క కూడా అలాగే ఉంది. ఈ ఆటను ప్రచురించే కంపెనీ అధికారిణి 2022 డిసెంబరులో, ఆడేవాళ్లలో మాస్టర్లు సుమారు 20 శాతమేననీ, కొనుగోళ్లలో పెద్ద వాటా మాత్రం వాళ్లదేననీ పెట్టుబడిదారుల ముందు చెప్పారు. పనీ వాళ్లదే, ఖర్చూ వాళ్లదే.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆట నడిపేవాళ్లని అలసిపోయేలా చేసేది కథ చెప్పడం కాదు. కథ చెప్పడానికి ఓపిక ఎక్కడినుంచో వస్తుంది. కథ చుట్టూ ఉన్న పనులన్నీ ఒక్క మనిషి మీద పడటం వల్ల అలసిపోతారు. రెండు వారాలు విశ్రాంతి తీసుకుంటే ఒళ్లు తేలికపడుతుంది, నిజమే. మూడో వారం అదే కుర్చీలో అదే బరువు మళ్లీ ఎదురుగా ఉంటుంది. బరువు పంచకుండా విశ్రాంతి ఒక్కటీ సరిపోదు.

చూడండి, ఒక తేదీ కుదర్చడంలోనే ఎంత ఉందో. హైదరాబాద్‌లో ఇద్దరు, బెంగళూరులో ఒకరు, డాలస్‌లో ఇద్దరు ఉన్నారనుకోండి. ఇక్కడ ఆదివారం పొద్దున్న ఎనిమిది గంటలంటే డాలస్‌లో శనివారం రాత్రి తొమ్మిదిన్నర. నవంబరు రాగానే అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి జరుపుతారు. అప్పుడు అక్కడ ఎనిమిదిన్నరే అవుతుంది. ఆ వేళకి అక్కడి ఇంట్లో పిల్లలింకా పడుకోరు. తొమ్మిదిన్నరకే ఉంచుదామంటే ఇక్కడ తొమ్మిదవుతుంది, హైదరాబాద్ మనిషికి ఆదివారం సగం పోతుంది. ఈ సర్దుబాటుకి గ్రూపులో నలభై మెసేజ్‌లు నడుస్తాయి. వాటికి మాస్టరే జవాబులివ్వాలన్న నియమం ఏ పుస్తకంలోనూ లేదు. ఆ పని ఆటగాళ్లలో ఎవరైనా చెయ్యొచ్చు. బెన్ రాబిన్స్ అనే ఆటల రచయిత వెస్ట్ మార్చెస్ అనే తన క్యాంపెయిన్‌ని అలాగే నడిపారు. వారానికి ఫలానా రోజు అని లేదు. ఎవరు రావాలో, ఏ రోజు ఆడాలో, కథలో ఏ దిక్కుకి వెళ్లాలో ఆటగాళ్లే తేల్చుకుని ఆయనకి చెప్పేవారు. ఆయన ఆ దిక్కున ఏముందో చూసుకుని వచ్చేవారు. ఈ ఒక్క మార్పుతో బరువులో ఎంత భాగం దిగిపోతుందో ఆట నడిపినవాళ్లకి చెప్పనక్కర్లేదు.

ఇక ముందస్తు తయారీ. కొత్తగా నడిపేవాళ్లు రాత్రిళ్లు కూర్చుని నోటుపుస్తకాలు నింపుతారు. రాజవంశాల పేర్లు, వెయ్యేళ్ల చరిత్ర, ప్రతి గదిలో ఏముందో. ఆటగాళ్లు అటుకేసి చూడరు. ఆ పేజీలు వృథా అయ్యేకొద్దీ కడుపులో ఒక కోపం మొదలవుతుంది, పాపం అది ఎవరి మీదో కూడా తెలియదు. మైక్ షే అనే అమెరికన్ రచయిత దీని మీదే 2012లో ఒక పుస్తకం, 2018లో దానికి కొనసాగింపుగా ఇంకొకటి రాశారు. ఆయన చెప్పినవాటిలో నాకు అన్నిటికంటే ఉపయోగపడిన చిట్కా ఇది. రాబోయే ఆట కోసం పది రహస్యాలు రాసుకో. ఒక్కోటి ఒక్క వాక్యం. అది ఎక్కడ, ఎవరి నోట బయటపడుతుందో మాత్రం రాయకు.

ఇందాకటి కోట కథే తీసుకుంటే, కాగితం మీద ఇలా ఉంటుంది. కోటలో బావికి అడుగు లేదు. కోటలో వంటకి ఉప్పు వాడరు. జమీందారు తమ్ముడు చనిపోలేదు. అమావాస్య నాడు కోట మీద దీపం రెండుసార్లు వెలుగుతుంది. ఇలా పది. ఆటగాళ్లు కోటకి వెళ్తే ఉప్పు సంగతి అక్కడి వంటవాడు చెబుతాడు. వెళ్లకపోతే పూటకూళ్లమ్మే చెబుతుంది, "ఏం నాయనా, మూడేళ్లయింది కోటకి ఉప్పు బస్తా వెళ్లి" అని. దొంగ పాత్ర వేసిన అబ్బాయి ఎటు తిరిగినా కథ అతనికి ఎదురొస్తుంది, రాసింది ఒక్కటీ వృథా కాదు. పది వాక్యాలకి అరగంట పడుతుంది. మిగిలిన సాయంత్రం మాస్టర్ తన ఇంటివాళ్లతో గడపొచ్చు.

కథావస్తువుకి కూడా ఎక్కడెక్కడికో పోనక్కర్లేదు. తెలుగులో నడిపేవాళ్లకి పెద్ద ఆస్తి ఉంది. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీ మజిలీ కథలు పన్నెండు భాగాలు. యతి వెంట కాశీకి నడిచే గోపబాలుడు దారిలో ఏదో వింత చూసి, దాని సంగతేమిటని అడుగుతాడు. ఆ ప్రశ్నలోంచే ఆ మజిలీ కథ మొదలవుతుంది. ఆట ముగిశాక ఆటగాళ్లని ఒక్కొక్కరినీ, "వచ్చేసారి నీకు దేని సంగతి తెలుసుకోవాలనుంది?" అని అడిగి చూడండి. నాలుగు జవాబుల్లో వచ్చే వారం కథ సగం సిద్ధంగా దొరుకుతుంది. అదీ వాళ్లకి ఆసక్తి ఉన్న సగం.

ఇంకో బరువు ఈ పదేళ్లలో కొత్తగా వచ్చింది. 2015లో క్రిటికల్ రోల్ అనే కార్యక్రమం ఇంటర్నెట్‌లో మొదలైంది. గొంతు నటనలో ఆరితేరిన నటీనటులు కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతుంటే లక్షలమంది చూశారు. మాథ్యూ మెర్సర్ మాస్టర్. ఆయన ఒక్కో పాత్రకి ఒక్కో గొంతు పెడతారు. దాన్ని చూసి ఆటలోకి వచ్చినవాళ్లు తమ ఇంటి బల్ల దగ్గర కూడా అదే ఆశిస్తారు. వాళ్లు ఆశించకపోయినా నడిపే మనిషే తనను ఆయనతో పోల్చుకుని కుంగిపోతాడు. అక్కడ కెమెరాల వెనక, దీపాల వెనక జీతాలు తీసుకుని పనిచేసే బృందం ఉంది. నటన వాళ్ల వృత్తి. పొద్దున్నుంచి ఆఫీసులో పనిచేసి వచ్చి ఆట నడిపే మనిషికి ఆ పోలిక ఎందుకు? మరో విషయం. మూడు పెద్ద క్యాంపెయిన్లు నడిపాక, 2025 అక్టోబరులో మొదలైన నాలుగోదానికి మెర్సర్ ఆ కుర్చీని బ్రెన్నన్ లీ మల్లిగన్‌కి అప్పగించి, తాను ఆటగాడిగా కూర్చున్నారు. అంత పేరున్న మనిషి కుర్చీ మారితే ఆట ఆగిపోలేదు.

కుర్చీ మారడమే అసలైన మందని నేను నమ్ముతాను. 1987లో వచ్చిన ఆర్స్ మాజికా అనే ఆటలో దాన్ని పద్ధతిగానే పెట్టారు. అందులో ప్రతివాళ్లకీ ఒకటికంటే ఎక్కువ పాత్రలుంటాయి, కథ నడిపే వంతు బల్ల చుట్టూ తిరుగుతుంది. ఈ రోజు నడిపినవారు రేపు ఆడతారు. అసలు నడిపే మనిషే అవసరం లేని ఆటలు కూడా వచ్చాయి. 2009లో జేసన్ మార్నింగ్‌స్టార్ రాసిన ఫియాస్కో అలాంటిదే, ఒక్క పూటలో మొదలై ముగుస్తుంది. మాస్టర్ అలసిపోయిన నెలలో క్యాంపెయిన్‌ని పక్కన పెట్టి అలాంటిది ఒకటి ఆడుకుంటే స్నేహితులు కలవడం ఆగదు, ఎవరి నెత్తినా బరువుండదు.

ఇది మన దగ్గర ఎలా జరుగుతుందో నేను దగ్గరగా చూశాను. హైదరాబాద్‌లో ఒక బ్యాంకు ఉద్యోగిని. తనకంటే చిన్నవాళ్లయిన నలుగురికి ఇంటర్నెట్ మీద ఆట నడిపేది. చాలాకాలం బాగానే నడిపింది. మార్చి నెలాఖరు లెక్కల ఒత్తిడిలో ఒక ఆదివారం కెమెరా ముందు కూర్చుని, కథ మొదలుపెట్టకుండా, "నాకు ఓపిక లేదర్రా. మీ మీద కోపం కాదు. ఇంక రావట్లేదు" అంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత దొంగ పాత్ర వేసే అబ్బాయి, "అక్కా, రెండు నెలలు నువ్వు ఊరికే ఆడు. నేను నడుపుతా. నాకు రూల్స్ సగమే వచ్చు, పర్లేదా?" అన్నాడు. "సగం వస్తే చాలు రా, మిగతాది అందరం చూసుకుందాం" అంది.

మొదటి రోజు ఆ అబ్బాయి తడబడ్డాడు. అలవాటు కొద్దీ ఆమె ప్రతి నియమానికీ జవాబు చెప్పబోయింది. డాలస్‌లో ఉన్న అమ్మాయి, "అక్కా, పుస్తకం నా దగ్గరుంది, నేను చూస్తా, నువ్వు ఆడు" అని ఆపింది. ఆ రోజు నుంచి నియమాల పుస్తకం ఆ అమ్మాయి బాధ్యత అయింది, తేదీల బాధ్యత బెంగళూరు కుర్రవాడు తీసుకున్నాడు. ముసలి వైద్యుడి పాత్రలో కూర్చున్న ఆమె చాలాకాలానికి, తర్వాతేం జరుగుతుందో తెలియకుండా కథ విన్నది. ఆ ఆనందం ఎంతటిదో నడిపేవాళ్లకే తెలుసు, వాళ్లకి అది దొరకనే దొరకదు. రెండు నెలలు అనుకున్నది నాలుగైంది. ఇప్పుడు మళ్లీ ఆమే నడుపుతోంది, కానీ కథ మాత్రమే నడుపుతోంది.

ఆమె చేసిన మంచి పని ఏమిటంటే, నోరు తెరిచి చెప్పింది. చాలామంది చెప్పరు. ఆటగాళ్లు నొచ్చుకుంటారని, నలుగురూ చెదిరిపోతారని, తమ వల్లే ఆట ఆగిందంటారని మాటలు మింగేస్తారు. ఈ వారం జ్వరమంటారు, పై వారం ఆఫీసు పనంటారు. మెల్లిగా గ్రూపు చల్లబడిపోతుంది, స్నేహాలు కూడా పలచబడతాయి. దానికంటే, కాడి దించుతున్నానని చెప్పి దించడం మర్యాద. కథని ముగించాలనుకుంటే చక్కగా ఒక చివరి ఆట పెట్టుకుని ముగించండి. ముగింపులో ప్రతివాళ్లనీ తమ పాత్ర పదేళ్ల తర్వాత ఎక్కడుందో చెప్పమనండి. ఆ పని మాస్టర్ చేయనక్కర్లేదు, వాళ్లే చెబుతారు, అదే గొప్పగా ఉంటుంది. అర్ధాంతరంగా ఆగిన రెండేళ్ల కథకంటే, ముగింపు చూసిన ఆరు నెలల కథ మంచిది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఆట మానేసినా నిద్ర పట్టకపోతే, తిండి సయించకపోతే, ఇష్టమైనవన్నీ ఒకేసారి రుచి కోల్పోతే, అది ఆట అలసట అని సరిపెట్టుకోకండి. డాక్టరుకి చూపించుకోండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవ ఉంది, ఫోన్ నంబరు 14416. ఏ వేళలోనైనా ఉచితంగా మాట్లాడొచ్చు, తెలుగులో కూడా మాట్లాడతారు.

ఇప్పుడు ఆటగాళ్లకి ఒక్క మాట. ఇంతసేపూ నడిపేవాళ్ల గురించే చెప్పినా, ఈ ప్రసంగం ఎక్కువగా మీకోసమే. మీ మాస్టర్ తానుగా అడగరు, అది వాళ్ల స్వభావం. ఈ వారం ఆట ముగియగానే కాల్ కట్ చేసి వెళ్లిపోకండి. తేదీల పని నేను చూస్తానని ఒకరు చెప్పండి. పోయినసారి జరిగిన కథ నేను రాసిపెడతానని ఇంకొకరు చెప్పండి. మీ మంత్రాల లెక్కలు మీరే చదువుకుని రండి. రాలేకపోతే ఆ రోజు పొద్దున్న కాకుండా నాలుగు రోజుల ముందే చెప్పండి. పుస్తకం ఖర్చు పంచుకోండి. ఒక నెలయినా ఆ కుర్చీలో మీరు కూర్చోండి. నియమాలు సగమే వచ్చినా ఫర్వాలేదు. ఈ రాత్రే గ్రూపులో ఒక మెసేజ్ పెట్టి, మీలో ఎవరు ఏ పని తీసుకుంటారో తేల్చుకోండి.